గాలికి గ్యారంటీ లేదు

రేకుల దుకాణంలో నా ఉద్యోగమంతా ఫిర్యాదులతోనే గడిచింది. సగం కాలం జనం ఫిర్యాదులు విన్నాను. మిగతా సగం నావి వినిపించాను. రెండో పనికి జీతం రాలేదు గానీ దాన్నే ఎక్కువ శ్రద్ధగా చేశావని మా ఆవిడ అంటుంది. అననివ్వండి. నన్ను ఎవరు ఎక్కడ ఏమన్నారో నాకు ఇప్పటికీ గుర్తుంది. పదవీ విరమణ రోజున కప్పిన శాలువా అంతకుముందు ఇంకెవరికో కప్పిందేనని కూడా నాకు తెలుసు. మడత పెట్టిన చోట పసుపు మరక ఉంది.

చంద్రపూర్ జిల్లా గడ్‌చాందూర్‌లో బస్టాండు దాటాక మా దుకాణం ఉండేది. ఇనుప పైపులు, సిమెంటు, అన్నిటికంటే ఎక్కువగా ఇంటి కప్పుకు వేసే రంగు రేకులు అమ్మేవాళ్లం. నీలం, ఎరుపు, ఆకుపచ్చ. కోర్పనా వైపు పల్లెల్లో పెంకుటిళ్లు పోయి ఈ రేకులు వస్తున్న కాలం. ప్రతి రేకుల కట్టతో పాటు కంపెనీ ఒక గ్యారంటీ కాగితం ఇచ్చేది. రేకు చెడిందని ఎవరైనా వస్తే ముందు నేను వెళ్లి పైకెక్కి చూడాలి. నిజమనిపిస్తే కంపెనీ వాళ్లను నాగపూర్ నుంచి పిలిపించాలి. అదీ నా పని.

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న పిల్లలకు ఇక్కడే నాలుగు ముక్కలు చెప్పాలి. మరాఠీ బడుల్లో చదివిన మీలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చినా చదవటం రాదు. ఇంట్లో పెద్దవాళ్ల చేత చదివించుకుని వినండి. గ్యారంటీ అంటే మీ ఇల్లు కారదని కాదు. రేకు తుప్పు పట్టి దానంతటది చిల్లులు పడితే కొత్త రేకు ఇస్తామని, అంతే. బిగించిన స్క్రూ వదులైతే, స్క్రూ కింద రబ్బరు ఎండి నీళ్లు దిగితే అది వాళ్లది కాదు, బిగించినవాడిది. రంగు వెలిసిపోవటం వేరే లెక్క. పాత రేకు విప్పే కూలీ మీదే, కొత్తది ఎక్కించే కూలీ మీదే. ఇల్లు అమ్మితే చాలాసార్లు గ్యారంటీ కొన్నవాడి వెంట పోదు. ఇవన్నీ కాగితం వెనక చీమల బారులాంటి అక్షరాల్లో ఉంటాయి. ముందు పక్క మాత్రం సూర్యుడి బొమ్మ ఉంటుంది.

నాతో పాటు పైకెక్కే మనిషి మా దుకాణం ఫిట్టర్. నాకంటే పెద్దవాడు, లావుపాటి మనిషి. పెన్‌గంగకు అవతలి ఒడ్డున, ఆదిలాబాద్ వైపు పల్లె ఆయనది. బొగ్గుబాయిలో పని దొరుకుతుందని ఇటు వచ్చి, అది దొరక్క రేకులు బిగించటం నేర్చుకున్నాడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి. నన్ను తమ్మీ అనేవాడు. నా కోపాల మీద ఆయనకు గౌరవం ఉండేది కాదు. పొద్దున్నే దుకాణం తెరవగానే, “ఇయ్యాల ఎవల మీద గుస్సా ఉన్నవు తమ్మీ? ముందుగాల చెప్తె ఆ తొవ్వల పోను” అనేవాడు. దుకాణంలో అందరూ నవ్వేవాళ్లు. ఆ నవ్వులు కూడా నాకు గుర్తున్నాయి. కానీ ఇప్పుడు అవి మళ్లీ వినిపిస్తే బాగుండునని ఉంటుంది.

ఒక ఎండాకాలం కోర్పనా దాటాక ఉన్న ఒక పల్లె నుంచి ఒకామె వచ్చింది. పత్తి రైతు. బస్సు దిగి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“సారూ, మీ రేకు కింద పండుకుంటె పట్టపగలే చుక్కలు కనవడ్తున్నయి.”

“ఏసి ఎన్ని ఏండ్లయితుంది?”

“ఏండ్లు గాదు. మొన్నమొన్న ఏసినట్టే ఉన్నది. గ్యారంటీ పదేండ్లంటిరి. దాంట్ల సగం గూడ కాలే.”

ఆ సంవత్సరం పత్తికి ధర పడిపోయింది. పెరుగుతుందేమోనని ఆశపడి చాలామంది అమ్మకుండా ఇళ్లలోనే పోసుకున్నారు. వాళ్లింట్లో కూడా నడిమింట్లో నేల నుంచి దూలాల దాకా పత్తే. ఆమె, భర్త వసారాలో పడుకుంటున్నారు. మిరుగు, అదే మృగశిర కార్తె, దగ్గర పడుతోంది. తొలకరి వాన ఆ చిల్లుల్లోంచి ఒక్కసారి దిగితే పత్తి నల్లబడుతుంది. నల్లబడిన పత్తిని ఎవరూ అడగరు. ఏడాది కష్టం ఆ ఇంట్లోనే మురిగిపోతుంది.

ఫిట్టరన్న, నేను మరునాడే వెళ్లాం. లోపల నిలబడి పైకి చూస్తే నిజంగానే చుక్కలు. ఒక్కొక్క చోట గుంపుగా, ఆరుద్ర పురుగులు కూడినట్టు. పత్తి కుప్ప మీద వెలుగు బొట్లు బొట్లుగా పడుతోంది. పైకెక్కి అటూ ఇటూ తిరిగి చూశాను. స్క్రూలు బాగున్నాయి, వాలు బాగుంది. కోసిన అంచులు కూడా బాగున్నాయి. చిల్లులు తుప్పువే. ఇది కంపెనీ పొరపాటేనని రూఢి చేసుకుని దిగాను. ఇన్నాళ్లకు నా చేతికి ఒక తిరుగులేని కేసు దొరికిందని లోపల సంతోషంగా కూడా ఉంది.

ఆమె భర్త వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒక కాలు మోకాలి కింద వంకరగా అతికింది. “మంచిగ సూడుండ్రి సారూ, మీరన్న ఎక్కగల్గుతుండ్రు” అన్నాడు. అంతకుముందు ఆ ఇంటికి పాత టిన్ను రేకులు ఉండేవి. ఒక గాలిదుమారంలో నాలుగు రేకులు లేచి వాకిట్లోకి వచ్చాయి. ఎద్దుల తాడు విప్పటానికి పరిగెత్తిన ఈయన కాలిని వాటిలో ఒకటి కోసి ఎముక విరిచింది. ఆ తర్వాతే అప్పూ సప్పూ చేసి మా రేకులు వేయించుకున్నారు.

కంపెనీ అధికారి నాగపూర్ నుంచి వచ్చిన రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. చిన్న వయసు మనిషి, తలకు తెల్లటి రుమాలు, మాట మెత్తన. మరాఠీలో నన్ను “కాకా” అని పిలిచాడు, బాబాయ్ అని. నాకప్పటికి అంత వయసు లేదు. అదొకటి. నిచ్చెన వేసుకుని ముగ్గురం పైకెక్కాం. అతను ఎక్కుతూనే ఆగిపోయాడు.

“ఈ రాళ్లేమిటి?” అన్నాడు.

నేను చుట్టూ చూశాను. రాళ్లు ఉన్నాయి. వరసలు వరసలుగా ఉన్నాయి. సిమెంటు ఫ్యాక్టరీల సున్నపురాయి గనుల దగ్గర పారేసిన తెల్లటి బండముక్కలు. మా వైపు రేకుల ఇల్లంటే పైన రాళ్లుండాలి, గాలికి లేవకుండా. రాళ్లు లేని రేకుల ఇల్లు నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. బామ్ని అనే ఊరి దగ్గర మా నాయన కట్టిన ఇంటి మీదా ఉండేవి, విరిగిన తిరగలితో సహా. మొన్న నేను ఎక్కినప్పుడు ఆ రాళ్ల మధ్యనే నడిచాను, ఒకదాని మీద కూర్చుని బీడీ కూడా తాగాను. ఆకాశంలో కాకి ఎంత మామూలో కప్పు మీద రాయి అంత మామూలు. దాన్ని చూడటమంటూ వేరే ఉంటుందా? దీన్ని నా తప్పని నేను ఇప్పటికీ ఒప్పుకోను.

అతను ఒక రాయిని ఒరగదీయించాడు. కిందా, అంచుల చుట్టూ జానెడు మేరా రాయి ఆకారంలోనే రంగు లేచిపోయి, తుప్పు పొక్కి, జల్లెడలా చిల్లులు పడి ఉంది. రెండో రాయి కింద కూడా అంతే. తర్వాత అతను తీయించలేదు, అవసరం లేకపోయింది. ఫ్యాక్టరీల నుంచి వచ్చే సిమెంటు దుమ్ము రాళ్ల చుట్టూ పేరుకుంటుందనీ, మంచు పడ్డా చినుకు పడ్డా రాయి కింద తడి ఆరదనీ, ఆ సున్నపు తడి రేకు మీది పూతను తినేస్తుందనీ నిదానంగా చెప్పాడు. కప్పు మీద బరువులు పెట్టకూడదని కాగితంలో ఉందన్నాడు. ఉంది. అతను చెప్పిన ప్రతి మాటా సరైనదే. నా కోపానికి అదే పెద్ద కారణం.

“ఈ జిల్లాలో ప్రతి ఇంటి మీదా రాళ్లుంటాయి. మీ కంపెనీకి తెలియదా?” అన్నాను.

“తెలుసు కాకా. అందుకేగా రాసింది.”

“ఎవరికి అర్థమయ్యేట్టు రాశారు?”

“మీకు అర్థమవుతుంది కదా. మీరు మొన్న పైకెక్కి చూశారు కదా. ఇన్ని రాళ్లు మీకు కనబడలేదా?”

అని నవ్వాడు. వెక్కిరింపు నవ్వు కాదు, నిజంగానే వింతగా తోచి నవ్వాడు. వెక్కిరింపయితే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో.

కొత్త రేకులిస్తామని సంతకం పెట్టేదాకా నేను ఈ కప్పు దిగనని చెప్పి, రెండు వాలులూ కలిసే కొప్పు మీద కూర్చున్నాను. ఇక్కడ ఒక సంగతి కూడా చెప్పాలి: చంద్రపూర్ ఎండలో రేకు మీద సత్యాగ్రహం చేయరాదు. పంచె ఎంత మందమైనా సరే. ఫిట్టరన్న నా వైపు చూసి, “తమ్మీ, గుస్సా సల్లారినంక దిగు, లేకపోతె కాలినంక దిగు. రెండోది జల్ది అయితది” అన్నాడు. రెండోదే అయింది.

కింద ఆమెకు సంగతి చెప్పాల్సిన బాధ్యత నా మీద పడింది. కేసు చూసి అతన్ని పిలిపించినవాణ్ణి నేనే కదా. చెప్పాను. ఏడవలేదు, తిట్టలేదు. అధికారి వైపు తిరిగి, మరాఠీలో కాకుండా తెలుగులోనే అడిగింది.

“రాళ్లు తీసేస్త. మరి గాలికి ఎగిరితె? దానికి గ్యారంటీ ఉన్నదా?”

నేను మరాఠీలో అడిగాను. అతను తల అడ్డంగా ఊపాడు. గాలివాన, వడగళ్లు, పిడుగు, వీటికి ఎవరూ గ్యారంటీ ఇవ్వరు. అదీ కాగితంలో ఉంది.

“గట్లయితె రాళ్లు ఉంటయి” అంది ఆమె. “తుప్పు పడ్తె పత్తి కరాబయితది. గాలికి లేస్తె మనిషి కరాబయితడు. ఈ ఇంట్ల ఒకలయిండ్రు. రెండింట్ల నేను దేనికి భయపడాల్నో మీ కాగితం జెప్తదా?”

మంచం మీంచి భర్త, “నన్ను రాళ్ల లెక్కల ఏస్తున్నది సూడు” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నేను మరాఠీలోకి మార్చకపోయినా అధికారికి అర్థమైనట్టుంది, బూట్లు కట్టుకోవటానికి వంగాడు, చాలాసేపు వంగే ఉన్నాడు.

అధికారి జీపు వెళ్లిపోయాక నలుగురం వసారాలో కూర్చున్నాం. ఫిట్టరన్న మెడ ఎత్తి కప్పు కొసల వైపు చూశాడు. ఉన్నట్టుండి, “రాళ్లు దించు చెల్లే. గాలికి గ్యారంటీ నేనిస్త” అన్నాడు.

“నువ్వెవలన్నా ఇయ్యడానికి? అంత పెద్ద కంపెనోడే ఇయ్యకపాయె.”

“ఆడు రేకు జేసేటోడు. నేను బిగించేటోన్ని. గాలి రేకును గుంజదు, బోల్టును గుంజుతది. కొసలపొంటి, కొప్పు మీద కొక్కెం బోల్టులు దగ్గరదగ్గర ఏస్త.”

“ఎగిరితె?”

“ఎగిరితె నన్ను దెచ్చి కొప్పు మీద కూసోవెట్టుండ్రి. మీ రాళ్లన్ని కలిపినా నా అంత తూగవు.”

అప్పుడు నవ్వింది ఆమె. కానీ రాళ్లు దించటానికి వెంటనే ఒప్పుకోలేదు. “గాలొచ్చినప్పుడు నువ్వు గడ్‌చాందూర్‌ల ఉంటవు. నేను దీని కింద ఉంట” అంది. “గాలొచ్చి పోయినంక మొదటి బస్సుకు నేనీడ ఉంట” అన్నాడాయన. ఆమె చాలాసేపు ఆయన ముఖం చూసింది. తర్వాత లేచి నిచ్చెన పట్టుకుంది.

రేకులు ఎక్కడివంటారా? అవి నా ఘనత. లారీలో వస్తూ అంచులు వంగిపోయిన ఎర్ర రేకులు దుకాణం వెనక ఏళ్లుగా పడి ఉండేవి. మా సేటును వాటికోసం నేను పెట్టిన పోరు అంతా ఇంతా కాదు. పొద్దున నమస్కారానికి బదులు అదే అడిగేవాణ్ణి. చివరికి ఆయన, “తీసుకుపో, నీ నోరు మూతపడుతుందంటే దుకాణం కూడా ఇస్తాను” అన్నాడు. ఒక మనిషి జీవితంలో సతాయింపు కూడా అక్కరకొచ్చే రోజు ఒకటి ఉంటుంది. నీలం కప్పుకు ఎర్ర మాసికలు వేసి, ఫిట్టరన్న తను చెప్పినట్టే బోల్టులు బిగించాడు. మిరుగు రాకముందే పని అయిపోయింది. పత్తి తడవలేదు.

ఆ వారమే కంపెనీ నుంచి సేటుకు ఫోను వచ్చింది. మీ మనిషి మా మనిషితో గొడవ పడ్డాడు, కస్టమరు తరఫున వకాల్తా పుచ్చుకున్నాడని. మరునాటి నుంచి నన్ను కౌంటరు దగ్గర కూర్చోబెట్టారు. కప్పులెక్కే పని మరొకరికి ఇచ్చారు. నేను కంపెనీకి ఫిర్యాదు రాశాను, దానికి జవాబు రాలేదని ఇంకో ఫిర్యాదు రాశాను. పదవీ విరమణ దాకా మళ్లీ నేను ఏ ఇంటి కప్పూ ఎక్కలేదు.

దీనికంటే నన్ను ఎక్కువ నొప్పించింది వేరే ఉంది. ఆ జ్యేష్ఠంలోనే ఒక సాయంత్రం పెద్ద గాలి వచ్చింది. దుకాణం షట్టరు దడదడలాడింది. ఫిట్టరన్న గుమ్మంలో నిలబడి దుమ్ములోకి చూస్తూ ఉండిపోయాడు. పొద్దున వచ్చేసరికి మనిషి లేడు. మొదటి సర్కారు బస్సుకు వెళ్లిపోయాడు. మధ్యాహ్నం వచ్చాడు.

“ఏమైంది?” అన్నాను.

“ఏమున్నది? కప్పు ఉన్నది.”

అంతే. ఆ తర్వాత ప్రతి గాలికీ అదే. నాకు చెప్పడు, నన్ను రమ్మనడు. కౌంటరు వదిలి రాలేనని ఆయనకు తెలుసు, అయినా ఒక్కసారి అడగవచ్చు కదా? ఆ కేసు నాది. ఆ రేకులు తెచ్చింది నేను. నేను ఈ మాట చాలాసార్లు ఆయన ముఖాన్నే అన్నాను. “నువ్వొస్తె గాలి మీద గూడ ఫిర్యాదు రాస్తవు తమ్మీ” అని వెళ్లిపోయేవాడు. ఆయన పోయే దాకా ఆ విషయంలో నేను ఆయనతో సరిగా మాట్లాడలేదు. ఆయన పోయి ఇప్పటికి రెండు వానాకాలాలు. ఇప్పుడు మాట్లాడాలని ఉంటుంది, మనిషి లేడు.

ఈ ఎండాకాలం నేను చంద్రపూర్‌లో మా ఇంట్లో ఉండగా ఒకరోజు పొద్దున్నే ఫోను వచ్చింది. గొంతు గుర్తుపట్టలేదు. రేకుల ఇల్లు అనగానే గుర్తుపట్టాను.

“సారూ, నిన్న గాలొచ్చి పోయింది. అన్న లేడని తెలుసు. తెలిసి గూడ పొద్దుగాల్ల బస్సు దిక్కు సూసిన. చాయ గూడ పెట్టిన. ఎందుకు జేసిన్నో తెల్వది. ఫోను పెట్టేస్త.”

“పెట్టకు” అన్నాను.

మా ఆవిడ నా మోకాళ్ల సంగతి గుర్తు చేసింది. అవి నావి కాబట్టి నాకే ఎక్కువ గుర్తున్నాయని చెప్పి బస్టాండుకు వెళ్లాను. గడ్‌చాందూర్‌లో బస్సు మారాను. మా దుకాణం ఉన్న చోట ఇప్పుడు మొబైల్ ఫోన్లు అమ్ముతున్నారు. దాని మీద కూడా నాకు చెప్పాల్సినవి ఉన్నాయి గానీ, బస్సు ఆగలేదు.

ఇల్లు అలాగే ఉంది. నీలం వెలిసి బూడిద రంగయింది, ఎర్ర మాసికలు కూడా వెలిసి దాని దగ్గరికి వచ్చాయి. భర్త కర్ర పట్టుకుని వాకిట్లోకి ఎదురొచ్చాడు. ఆమె జుట్టు నెరిసింది. చాయ ఇచ్చింది. కంపెనీ కాగితం గడువు ఎప్పుడో తీరిపోయింది, రేకులు మాత్రం తీరలేదు.

“అన్న వచ్చి ఏం చూసేవాడు?” అని అడిగాను. ఇన్నేళ్లుగా అడగాలనుకున్నది అదే.

“బోల్టులు సూసేటోడు. సుత్తెతోని ఒక్కొక్కటి కొట్టి సూసేటోడు. అది జరసేపే.” ఆమె చాయ గిన్నె కింద పెట్టింది. “అటెన్క కొప్పు మీద కూసునేటోడు. గంటలకు గంటలు. ఏందన్నా అంటె, గాలి కొట్టి పోయినంక దుమ్ము ఉండది, నది అవతల మా ఊరి గుట్ట సాఫ్ కనవడ్తది అనేటోడు. వేరే దినాల్ల కనవడదట.”

ఫ్యాక్టరీ పొగ, దుమ్ము ఎప్పుడూ కమ్ముకుని ఉండే చోట గాలి కడిగిన మరునాడు ఒక్క రోజు ఆకాశం తేటపడుతుంది. అది మా అందరికీ తెలుసు. దాన్ని ఆయన అలా వాడుకున్నాడని తెలియదు. ఆయన మళ్లీ తన ఊరికి ఎందుకు వెళ్లలేదో నాకెప్పుడూ చెప్పలేదు. నేను అడిగినట్టు కూడా జ్ఞాపకం లేదు. నా ఫిర్యాదులే చెప్పుకుంటూ ఉండేవాణ్ణి.

నిచ్చెన అడిగాను. భర్త వద్దన్నాడు. ఆమె తెచ్చి వేసి, కింద కాలితో తొక్కిపట్టింది. ఒక్కో మెట్టూ మోకాలితో బేరమాడుకుంటూ ఎక్కాను. కొసల వెంట ఉన్న బోల్టులన్నీ రాయితో తట్టి చూశాను. ఏదీ కదల్లేదు. కొప్పు మీది బోల్టుల కోసం పాక్కుంటూ పైదాకా వెళ్లి, అవి కూడా చూసి, అక్కడే కూర్చున్నాను. ఎండ ఇంకా ముదరలేదు, రేకు వెచ్చగానే ఉంది. పత్తి చేలు దున్ని ఉన్నాయి. వాటికి అవతల నది ఒడ్డు చెట్ల బారు. ఆ బారుకు అవతల, నీలంగా, చేత్తో గీసినట్టు, ఒక గుట్ట.

అదే అయి ఉంటుందా, ఇంకోటా? అటు గుట్టలు చాలా ఉన్నాయి. చూపించి చెప్పేవాడు లేడు.

“సారూ, ఏమన్న ఊడిందా?” కింది నుంచి ఆమె కేకేసింది.

“ఏం ఊడలే. అన్ని గట్టిగనే ఉన్నయి.”

“మరి దిగుండ్రి. ఎండయితుంది.”

“జర ఆగు చెల్లే” అన్నాను.